‘షోఫర్’ అనే మాట

సొంత కారుకు జీతమిచ్చి పెట్టుకున్న డ్రైవరును ఇంగ్లీషులో ‘షోఫర్’ అంటారు. బొత్తాముల కోటు, టోపీ, వినయంగా తెరచిపట్టిన తలుపు మనకు వెంటనే స్ఫురిస్తాయి. కాని యీ మాట ఒకప్పుడు మోటారు పందెగాండ్రకు చెల్లింది. అంతకుముందు అది మసిబారిన చేతుల శ్రామికునిది.

దీని మూలం ఫ్రెంచి భాష. ‘షోఫే’ అంటే వేడిచేయడం. ఆవిరియంత్రంలో బొగ్గు వేసి మంట నిలిపేవాడు షోఫర్; రైలింజనును నడిపేవాని పేరు వేరు. విప్లవకాలంలో గృహస్థుల పాదాలు కాల్చి, సొమ్ము దాచిన చోటు చెప్పించిన దొంగలనూ ఫ్రాన్సులో ఈ పేరుతోనే పిలిచారు. వారితో మనకిప్పుడు పని లేదు.

1894 జూలై 22న ‘లె పెటి జూర్నాల్’ పత్రిక పారిస్ నుంచి రువాన్ వరకు, సుమారు 126 కిలోమీటర్లు, గుర్రాలు లేని బండ్లకు పోటీ జరిపించింది. వేగమొక్కటే చాలదు, బండి ప్రమాదరహితంగా, సులువుగా నడపదగినదిగా, ఖర్చు తక్కువదిగా ఉండాలని నిబంధన. డి డియోన్ ప్రభువు ఆవిరిబండి అందరికంటే ముందు రువాన్ చేరింది. అయినా ప్రథమ బహుమతి ఆయనకు దక్కలేదు. నడిపేవాడు గాక, మంట చూసుకోవడానికి ఆ బండికి మరొక మనిషి కావలసివచ్చాడు. పెట్రోలు బండ్లు చేసిన ప్యూజో, పన్హార్డ్-లెవసార్ సంస్థలు ప్రథమ బహుమతిని పంచుకొన్నాయి.

ఆ తీర్పును మేము తప్పుపట్టము. ఎవని మూలంగా ఆ బండి ఓడిందో, వాని పేరే కొద్ది ఏండ్లలో గెలిచిన బండ్లవారికి సంక్రమించడం మాత్రం చిత్రంగా తోస్తుంది. పందెంలో దిగిన శ్రీమంతుడూ షోఫరే అయ్యాడు! పెట్రోలు బండిలో బొగ్గు లేదు గాని నిప్పు బొత్తిగా పోలేదు. ఆనాటి అనేక ఇంజనుల్లో, బయలుదేరేముందు దీపం వెలిగించి ప్లాటినం గొట్టాన్ని ఎర్రగా కాల్చవలసి వచ్చేది. అటువంటి బండితోనే 1895లో ఎమిల్ లెవసార్ పారిస్ నుంచి బోర్డో వెళ్లి, 48 గంటలకు పైగా ప్రయాణించి, అందరికంటే ముందు తిరిగివచ్చాడు. రెండే సీట్లున్న బండి కావడంతో ఆయనకూ ప్రథమ బహుమతి రాలేదు.

ఆ శతాబ్ది చివర ఈ మాట ఇంగ్లీషులో ప్రవేశించినప్పుడు, కారు నడిపే ఎవరికైనా వర్తించేది. తరువాత శ్రీమంతులు వెనుక సీటుకు మారారు. మాట ముందు సీటులోనే ఉండిపోయింది. పందెంలో నడిపేవానికి ‘డ్రైవర్’ అనే పాత ఇంగ్లీషు మాటే నిలిచింది. పశువులను ముందుకు తోలేవాడని దాని తొలి అర్థం. మన పల్లెల్లో ఎడ్లను తోలినట్టే కారునూ తోలుతామంటారు. ఆ ప్రయోగం విని పట్టణవాసులు నవ్వడం మేమెరుగుదుము. ఇంగ్లీషువారు చేసినదీ అదే.