నెక్కొండ బీడు నేలలు, వాటి కర్బనపు లెక్క

వరంగల్ జిల్లాలో, కాజీపేట–విజయవాడ రైలుమార్గం మీద ఉన్న నెక్కొండ పరిసరాల్లో ఎర్రని చెలకలు, నల్లని రేగళ్ళు పక్కపక్కనే కనిపిస్తాయి. చెరువుల కింది భూమి వరికి పోగా, మెట్టన మిగిలిన నేలలో దున్నని భాగం గరిక, బోద గడ్డి, తంగేడు, రేగు పెరిగే బీడుగా ఉండేది. ఊరి పశువులన్నీ కలిసి మేసే అటువంటి ఉమ్మడి భూమిని తెలంగాణలో బంచరాయి అంటారు. నిజాం కాలపు రెవెన్యూ యంత్రాంగం భూమిని శిస్తును బట్టి చూసింది కనుక, పంట శిస్తు రాని ఈ నేలకు దస్తావేజుల్లో విస్తీర్ణమే తప్ప విలువ దక్కలేదు. అయితే ఆ గడ్డి వేళ్ళ కింద తరతరాలుగా కర్బనం పోగుపడుతూ వచ్చింది. తరువాత దానిలో పెద్ద భాగం కంటికి కనిపించని కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసింది.

గడ్డి మొక్క తాను తయారుచేసుకున్న ఆహారంలో పెద్ద పాలును వేళ్ళకు పంపుతుంది. చచ్చిన వేళ్ళను, రాలిన ఆకును, పేడను నేలలోని సూక్ష్మజీవులు తిని కొంత కర్బనాన్ని జీవాంశంగా మట్టిలోనే మిగులుస్తాయి, మిగతాదాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా విడుస్తాయి; బతికి ఉన్న వేళ్ళు విడిచే వాయువు కూడా దీనితో కలుస్తుంది. ఈ మొత్తం విడుదలను నేల శ్వాసక్రియ అంటారు. మట్టి రేణువుల మధ్య ఉండే గాలిలో ఈ వాయువు బయటి గాలిలో కంటే చాలా ఎక్కువగా ఉంటుందని ఫ్రాన్సులో బుస్సెంగో, లెవీ 1853లోనే కొలిచి చూపారు. ఎండు సీమల్లో మాత్రం ఈ శ్వాస ఏడాది పొడుగునా ఒకే తీరుగా సాగదు. కెన్యాలోని ముగుగా పరిశోధన కేంద్రంలో పనిచేసిన బర్చ్, బాగా ఎండిన మట్టి తడిసినప్పుడు జీవాంశం ఒక్కసారిగా వేగంగా కుళ్ళుతుందని 1958లో ప్రకటించిన వ్యాసంలో వివరించాడు; నేటికీ దానిని బర్చ్ ప్రభావమనే పిలుస్తున్నారు.

నెక్కొండ రైతుకు ఈ ఘట్టం ఏటా రోహిణి, మృగశిర కార్తెల నడుమ ఎదురవుతుంది. వేసవి ఎండకు సూక్ష్మజీవుల్లో కొన్ని చస్తాయి, కొన్ని నిద్రాణమవుతాయి. తొలకరి జల్లుకు మట్టి గడ్డలు విచ్చి, లోపల దాగిన జీవాంశం బయటపడుతుంది. మేల్కొన్న జీవులు చచ్చినవాటి దేహాలతో సహా అందినదంతా తింటాయి. నేల విడిచే వాయువు కొన్ని గంటల్లోనే ఎన్నో రెట్లు పెరిగి, కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. అదే తడికి పంటకు పనికివచ్చే నత్రజని కూడా విడుదలవుతుంది కాబట్టి దీనిని నష్టంగానే చూడడం తగదు. బీడులో అదే వానకు గడ్డి చిగిర్చి, పోయిన కర్బనాన్ని తిరిగి పట్టుకుంటుంది. దుక్కి చేసి వదిలిన చెలకలో, మొలక లేచేదాకా, పట్టుకునేవారు లేరు.

బీడులో పోయే కర్బనానికి, తిరిగి పట్టుబడే కర్బనానికి మధ్య ఉన్న ఈ సమతూకం మారడంలో రైలుకు కూడా భాగం ఉంది. అంతకుముందు లంబాడాలు వందలాది ఎద్దుల మీద తీరప్రాంతపు ఉప్పును లోపలి సీమలకు, ధాన్యాన్ని ఊరూరికీ మోసేవారు. దారి పొడుగునా ఉన్న గడ్డి బీళ్ళే ఆ వ్యాపారానికి ఆధారం. నిజాం రైలుమార్గం 1889లో బెజవాడకు చేరి సరుకు రైలు బండ్లకెక్కడంతో, ఆ వృత్తి సన్నగిల్లిన లంబాడాలు తండాలు కట్టుకుని పశుపోషణకు, సేద్యానికి మళ్ళారు. తరువాతి కాలంలో ప్రభుత్వం ఖారిజ్ ఖాతా భూములను, అంటే ఎవరి పట్టాలోనూ లేని సర్కారు భూములను, లావుణి పట్టాల కింద భూమిలేనివారికి పంచింది. ఆ పంపకం న్యాయమైనదే; పేదవాడికి కడుపు నింపే చేను కావాలి. కానీ తరాల తరబడి పోగుపడిన కర్బనం నాగలి తగిలిన తొలి సంవత్సరాల్లోనే వేగంగా తరుగుతుందన్న సంగతిని, దానిని పూడ్చే మార్గాన్ని, పట్టాతో పాటు ఎవరూ చెప్పలేదు.

పూడ్చే మార్గం నిజానికి ఊరిలోనే ఉండేది. వేసవిలో గొల్ల కురుమలు గొర్రెల మందను రాత్రిపూట రైతు చెలకలో వల చుట్టి ఆపేవారు. మరునాటి రాత్రికి వలను పక్క జాగాకు జరిపేవారు. అలా చేనంతా తిరిగేసరికి నేల మీద గత్తం ఒక పొరగా పరుచుకునేది, రైతు వారికి గింజలో డబ్బో ఇచ్చేవాడు. పగలు బంచరాయిలో మేసిన గడ్డి రాత్రికి పంటచేనిలో ఎరువుగా పడేది. మేత తగ్గి మందలు తగ్గాయి, ఎద్దుల స్థానంలో ట్రాక్టరు వచ్చి పెంటకుప్పలు చిన్నవయ్యాయి, పత్తి, మిరప పెరిగేకొద్దీ యూరియా మీద ఆధారం హెచ్చింది. యూరియా నత్రజనిని ఇస్తుంది గాని, గత్తం ఇచ్చినట్టు నేలకు జీవాంశాన్ని ఇవ్వదు.

2015లో మొదలైన భూసార కార్డులు ఈ తరుగును అంకెగా చూపాయి. ప్రయోగశాలలో చిటికెడు మట్టికి నారింజరంగు డైక్రోమేట్ ద్రావణాన్ని, గంధకామ్లాన్ని కలిపినప్పుడు జీవాంశం ఎంత ఎక్కువైతే ద్రావణం అంతగా ఆకుపచ్చకు తిరుగుతుంది. సేంద్రియ కర్బనం 0.5 శాతానికి తక్కువైతే కార్డు మీద ‘తక్కువ’ అని పడుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నల్లరేగడిలో 1976 నుంచి నడిచిన ప్రయోగం, వానాకాలంలో నేలను ఖాళీగా వదలకుండా కందిని కలిపి పంట వేసిన మడిలో, పాత పద్ధతి మడికంటే ఎక్కువ కర్బనం నిలిచిందని తేల్చింది. చెరువు పూడిక మట్టిని చెలకలకు తోలే పాత అలవాటును మిషన్ కాకతీయ 2015లో మళ్ళీ ముందుకు తెచ్చింది. ఇన్ని ఉన్నా, పంట ముగిశాక పత్తి కట్టెను పీకి గట్టున తగలబెట్టే అలవాటు పోలేదు. ముక్కలు చేసి దున్నితే మట్టిలో కొన్నేళ్ళపాటు మెల్లగా కుళ్ళి కొంతైనా మిగిలే కర్బనం, ఆ మంటలో ఒక పూటలోనే పోతోంది.