పినపాక ప్రాంతములో భద్రతా దళాల వేసవి విరామకాల రక్షణ

పినపాక, తెలంగాణ రాష్ట్రములోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన ఒక మండలము. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు ఇది ఖమ్మం జిల్లాలో ఉండేది. గోదావరికి కుడి ఒడ్డున ఉన్న ఈ మండలానికి నది ఆవల చర్ల, దాని వెనుక ఛత్తీస్‌గఢ్ అడవులు ఉన్నాయి. మావోయిస్టు ఉద్యమము కారణముగా ఈ సరిహద్దు పొడవునా రాష్ట్ర పోలీసులతో పాటు కేంద్ర రిజర్వు పోలీసు దళము (సి.ఆర్.పి.ఎఫ్.) పనిచేస్తూ వచ్చింది. వీరిని సైనికులని వ్యవహరించుట కద్దు గాని, చట్టరీత్యా వీరు కేంద్ర హోం మంత్రిత్వ శాఖకు చెందిన సాయుధ పోలీసులు. మార్చి నుండి తొలకరి వరకు, విధులలో లేని వేళలలో వీరికి కలిగే ప్రమాదాలు, వాటి నివారణ ఈ వ్యాస విషయము.

ఎండ

వడదెబ్బ ఎండలో నడుస్తున్నప్పుడే తగులుతుందని సాధారణముగా అనుకుంటారు. అది సగము నిజము. ముందురోజు శరీరములో చేరిన వేడిమి, తీరని దాహము, చాలని నిద్ర మరునాటికి మిగిలిపోతాయి. కాబట్టి గస్తీ ముగించి వచ్చిన జవాను రేకుల కప్పు కింద పగలంతా ఉక్కపోతలో పడుకుంటే దానిని విశ్రాంతి అనలేము.

2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో కలిపి రెండు వేల మందికి పైగా మరణించారు. 2025 ఏప్రిల్ 21 నుండి మే 11 వరకు వెంకటాపురం, వాజేడు వైపు సరిహద్దులోని కర్రెగుట్టలపై 21 రోజులు గాలింపు జరిగింది. అప్పుడు 45 డిగ్రీల ఎండలో అనేకమంది జవానులు ఒంట్లో నీరు తగ్గి అస్వస్థులయ్యారు.

శరీరము వేడికి అలవాటు పడుటకు 7 నుండి 14 రోజులు పడుతుంది. సెలవుపై కొండ ప్రాంతపు స్వగ్రామములో నెలరోజులు గడిపినచో ఆ అలవాటు చాలవరకు పోతుంది. తిరిగివచ్చిన మొదటి సాయంత్రమే వాలీబాల్ ఆటకు దిగే పాత జవాను, ఈ విషయములో కొత్తగా చేరిన వానితో సమానము. ఎంత అనుభవము ఉన్నా ఇందులో మినహాయింపు లేదు.

మాట తడబడుట, తూలుట, పొంతన లేని ప్రవర్తన వడదెబ్బకు గుర్తులు. శ్రమ వలన కలిగే వడదెబ్బలో చెమట ఆగకపోవచ్చును. చెమట పడుతున్నది గదా అని ఊరుకొనరాదు. ముందు నీటితో తడిపి, విసిరి, ఒంటిని చల్లార్చాలి. ఆసుపత్రికి తరలించుట ఆ తరువాత. స్పృహ లేని వానికి నోట నీరు పోయరాదు. ఇప్పపూలు రాలే ఈ కాలములోనే తాటికల్లు, ఇప్పసారా దొరుకుతాయి. కల్లు చలువ చేస్తుందని అంటారు గాని మద్యము ఒంటిలోని నీటిని మూత్రముగా పోగొడుతుంది.

నిద్ర, పాములు

ఉక్కకు తాళలేక ఆరుబయట నేలపై పడుకొనుట ఇక్కడ మామూలే. కట్లపాము రాత్రులందు తిరుగుతుంది. దాని కాటుకు నొప్పి అంతగా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాలిపోయే కనురెప్పలు మాత్రమే కనిపించవచ్చును. మంచము, పరుపు కిందికి చెక్కిన దోమతెర పాములను, ఈ ఏజెన్సీకి చిరకాల పీడయైన మలేరియాను కూడా దూరముగా ఉంచుతాయి. ఖర్చు తక్కువ, ఫలితము ఎక్కువ. అయినా గాలి ఆడదని దోమతెరను తీసివేసేవారు ఉంటారు. కాటు వేసినచోట కోయుట, గట్టిగా కట్టుట హానికరము. విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి కదలకుండా చేర్చాలి.

గోదావరి స్నానాలు

వేసవిలో నది సన్నబడి ఇసుక తిన్నెలు బయటపడతాయి. వాటి పక్కనే లోతైన మడుగులు, ఇసుక తవ్విన గుంతలు ఉంటాయి. మోకాటి లోతు నీరు ఒక్క అడుగులో నిలువు లోతు కావచ్చును. ఎగువన తుపాకులగూడెం వద్ద సమ్మక్క ఆనకట్ట ఉన్నందున, గేట్లు ఎత్తితే నీటిమట్టము పెరుగుతుంది. ఈత వచ్చిన వారైనా ఒంటరిగా దిగరాదు.

సంతలు, వ్యాహ్యాళి

సాధారణ దుస్తులలో, ఆయుధము లేకుండా వారపు సంతకు వెళ్ళిన పోలీసులపై ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల చిన్న దళాలు పలుమార్లు దాడి చేశాయి. 1989లో గ్రేహౌండ్స్ దళాన్ని తీర్చిదిద్దిన ఐ.పి.ఎస్. అధికారి కె.ఎస్.వ్యాస్, 1993 జనవరి 27న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియములో వ్యాయామ వేళ నక్సలైట్ల కాల్పులలో మరణించాడు. అది వేసవి కాకపోయినా, రోజూ ఒకే వేళకు ఒకే చోటికి వెళ్ళే అలవాటు ఎంత ప్రమాదకరమో ఆ సంఘటన చూపినది. వేసవిలో ఈ అలవాటు సులభముగా ఏర్పడుతుంది. బయట తిరుగుటకు అనువైన చల్లని వేళలు ఉదయము, సాయంత్రము రెండే గనుక.