యోగ్యుల ఎంపిక: ఆశుతోష్ ముఖర్జీ ఆదర్శం

విద్యాసంస్థకు భవనాలు దేహమైతే ఉపాధ్యాయులే ప్రాణం. చెట్టు నీడన కూడ చదువు సాగుతుంది. గురువు లేనినాడు మేడలో సైతం సాగదు. కనుక యోగ్యులను గుర్తించడం, వారికి అనుకూల వాతావరణం కల్పించడం, వారిని నిలుపుకొనడం నిర్వాహకుల ప్రథమ కర్తవ్యాలు. ఇందుకు కలకత్తా విశ్వవిద్యాలయ చరిత్ర చక్కని నిదర్శనం.

న్యాయమూర్తి సర్ ఆశుతోష్ ముఖర్జీ 1906 నుండి 1914 వరకు, మరల 1921 నుండి 1923 వరకు ఆ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్నారు. ప్రధానంగా పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థను ఆయన బోధనకు, పరిశోధనకు నిలయంగా మార్చారు. తారకనాథ్ పాలిత్, రాస్ బిహారీ ఘోష్ ల విరాళాలతో విజ్ఞాన కళాశాల వెలసింది. ధనం సమకూరింది, ఇక కావలసినది మనుష్యులు.

ఆనాడు సి.వి. రామన్ ఆర్థికశాఖలో ఉన్నతోద్యోగి. తీరిక వేళల్లో బౌబజారు వీధిలోని ప్రయోగశాలలో పరిశోధన చేసేవారు. ఆశుతోష్ ఆయనను పాలిత్ ఆచార్య పదవికి ఆహ్వానించారు. ఆ పదవికి విదేశ శిక్షణ అవసరమనే నిబంధన ఉండగా, రామన్ అందుకు సమ్మతించలేదు. ఆశుతోష్ నిబంధననే సడలింపజేశారు. 1917లో రామన్ తక్కువ వేతనానికి ఆ పదవిని స్వీకరించారు.

మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ లు ఇరువది రెండు, మూడేండ్ల ప్రాయంలోనే అధ్యాపకులయ్యారు. గణితం చదివిన ఆ యువకులకు భౌతికశాస్త్రం వైపు మరలే అవకాశం అక్కడే లభించింది. తిరుత్తణిలో తెలుగు కుటుంబాన జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్, మైసూరు నుండి 1921లో తత్త్వశాస్త్ర ఆచార్యులుగా కలకత్తా చేరారు. రామన్ వలెనే ఆయనకూ విదేశీ పట్టా లేదు, ప్రతిభయే ప్రమాణమైంది.

అయితే తెచ్చుకొనడం కన్న నిలుపుకొనడం కష్టం. 1922లో ప్రభుత్వం షరతులతో ఇవ్వజూపిన ధనాన్ని ఆశుతోష్ స్వేచ్ఛ కొరకు తిరస్కరించారు. కాని స్వేచ్ఛ ఒక్కటే అందరినీ నిలుపలేకపోయింది. బోస్ 1921లోనే ఢాకాకు, సాహా 1923లో అలహాబాదుకు తరలిపోయారు. రామన్ మాత్రం 1933 వరకు కలకత్తాలోనే ఉన్నారు. 1928లో ఆయన కనుగొన్న కాంతి పరిక్షేపణ విశేషానికి 1930లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ వెలుగు ఆంధ్రదేశానికీ ప్రసరించింది. రాధాకృష్ణన్ 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్నారు. ఆ కాలంలోనే రామన్ శిష్యులు సూరి భగవంతం వాల్తేరులో అధ్యాపకులయ్యారు. ఎంపికలో చూపిన వివేకం ఈ విధంగా తరతరాలకు ఫలిస్తుంది.

మాతృభూమికి దూరాన తెలుగు బడులను నిలబెట్టేది కూడ ఇటువంటి వివేకమే. మంచి గురువును తెచ్చుకొనడం ఒకనాటి పని. ఆయనకు గౌరవాన్ని, తగిన జీవనాన్ని, స్వేచ్ఛను సమకూర్చడం నిత్యకృత్యం. మొదటిది నెరవేర్చి రెండవది మరచిన సంస్థకు భవనాలు మాత్రమే మిగులుతాయి.