చీనాభాషయందు స్త్రీవాచక సర్వనామము

శబ్దచరిత్రము సంఘచరిత్రమునకు సాక్షి యనుటకుఁ జీనాభాషయందలి 'తా' యను సర్వనామమే నిదర్శనము. వాఁడు, ఆమె, అది యను మూఁడర్థములకును బూర్వము సామాన్యముగా నీ శబ్ద మొక్కటియే చెల్లుచుండెను. దాని యక్షరమునందు మనుష్యుని సూచించు చిహ్న మొకటి కలదు. ఐరోపాగ్రంథముల ననువదించువారికి స్త్రీపురుషభేదముఁ జూపుట కష్టమయ్యెను. 1920వ సంవత్సరమున లండనునం దుండిన కవియు భాషావేత్తయు నగు ల్యూ బన్‌నోంగ్, మనుష్యచిహ్నమునకు మాఱుగా స్త్రీచిహ్నము నుంచి, స్త్రీకి వేఱక్షర ముండవలెనని వాదించెను. ఆ యేఁటనే పీకింగు విశ్వవిద్యాలయము స్త్రీలకు ద్వారములఁ దెఱచెను.

అయినను 1929లో షాంఘైనగరమున వెలువడిన 'ఫునూ గోంగ్‌మింగ్' అను స్త్రీల పత్రిక యీ యక్షరమును నిరాకరించెను. పురుషునకు మాత్రమే మనుష్యచిహ్నము నిలుపుట స్త్రీని మనుష్యజాతినుండి తొలఁగించుటయే యని వారి యాక్షేపము. బహువచనమున మహత్తులతో సమముగాఁ జూచినను, ఏకవచనమున స్త్రీవాచకములను దిర్యగ్జడవాచకములతోఁ గూడ నమహత్తులలోఁ జేర్చిన చిన్నయసూరి వ్యాకరణము నెఱిఁగిన మనకు, ఈ యాక్షేప ముపేక్షింపఁదగినది గాదు.

వాడుక యా క్రొత్త యక్షరమునే నిలిపెను. స్త్రీస్థితి మాత్ర మక్షరముచే మాఱలేదు. 1930 నాఁటి పౌరస్మృతి, వేఱొడంబడిక లేనిచో, భార్య తన వంశనామమునకు ముందు భర్తృవంశనామముఁ జేర్పవలె ననెను. 1950 నాఁటి వివాహశాసనము దంపతు లిరువురికిని స్వీయవంశనామమును నిలుపుకొను నధికార మిచ్చెను. సర్వనామముకంటె స్వనామమే స్త్రీకి బలవత్తర మని దీనివలనఁ దేలుచున్నది.