ఆ వీధిలో ఆర్థర్ ఆష్

టాంక్‌బండ్ మీద నడిచేటప్పుడు మేం మఖ్దూం విగ్రహం దగ్గర కాసేపు ఆగుతాం. ఎన్టీఆర్ హయాంలో నిలిపిన ఆ వరసలో మనవాడూ ఉన్నాడన్న తృప్తి. ఆ తృప్తిలోనే ఒక ముల్లు. 'మీవాడికీ చోటిచ్చాంగా' అన్న మాట ఎక్కడినుంచో వినపడుతుంది. ఇంతకీ చోటు ఇచ్చేదెవరు? ఈ ప్రశ్న మీద అమెరికాలో ఒక ఊరు నిట్టనిలువునా చీలింది.

ఆ ఊరు వర్జీనియా రాజధాని రిచ్‌మండ్. బానిసత్వాన్ని కాపాడుకోడానికి 1861-65 మధ్య యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాలకీ అదే రాజధాని. ఓడిపోయారు. ఓడిన పాతికేళ్లకి, 1890లో, మాన్యుమెంట్ అవెన్యూలో తమ సేనాని రాబర్ట్ లీని గుర్రమెక్కించి నిలబెట్టారు. 1929 నాటికి అలాంటి విగ్రహాలు ఐదయ్యాయి. మధ్యలో 1902 రాజ్యాంగంతో నల్లవాళ్లలో చాలామంది ఓటు ఊడబెరికారు. కంచు పోసిన చేతులూ చట్టం రాసిన చేతులూ వేరు కావు.

1943 జూలై 10న ఆర్థర్ ఆష్ పుట్టింది ఆ ఊళ్లోనే. నల్లవాళ్లకని విడిగా ఉంచిన బ్రూక్‌ఫీల్డ్ పార్కులో తండ్రి కావలి ఉద్యోగి. ఇల్లూ అందులోనే, పక్కనే టెన్నిస్ కోర్టులు. బర్డ్ పార్కు కోర్టులు మాత్రం తెల్లవాళ్లవి. 1960లో హైస్కూలు ఆఖరి ఏడాదికి ఆష్ సెయింట్ లూయిస్ వెళ్లిపోయాడు. ఊరు వెళ్లగొట్టిందనలేం, ఉండనిచ్చిందనీ అనలేం. 1968లో యూఎస్ ఓపెన్, 1970లో ఆస్ట్రేలియన్ ఓపెన్, 1975లో వింబుల్డన్ గెలిచాడు. గుండె ఆపరేషన్‌లో ఎక్కించిన రక్తం వల్ల ఎయిడ్స్ సోకి 1993లో పోయాడు.

విగ్రహం పెడదామన్నారు. ఎక్కడ? సేనానుల వీధిలో ఆటగాడేమిటని తెల్లవాళ్లలో కొందరు. మన బిడ్డని బానిస యజమానుల పక్కన నిలబెడతారా అని నల్లవాళ్లలో కొందరు. భార్య జీన్ కూడా ఆ చోటు సరికాదనే రాసింది. మాకు సూటిగా తగిలేది ఈ రెండో అభ్యంతరమే. చివరికి 1996లో, అతని పుట్టినరోజున, ఆ వీధిలోనే ఆవిష్కరించారు.

గుర్రం లేదు, కత్తి లేదు. చుట్టూ పిల్లలు. ఒక చేత రాకెట్, ఇంకో చేత పుస్తకాలు. రాకెట్ కన్నా పుస్తకాలే ఎత్తులో ఉంటాయి. ఇది శిల్పి అలంకారం కాదు. నల్ల క్రీడాకారుల గురించి కాలేజీలో పాఠం చెప్పబోతే ఆష్‌కి తగిన పుస్తకమే దొరకలేదు. సొంత డబ్బు పెట్టి, మనుషుల్ని పెట్టి వెతికించి, 1988లో 'ఎ హార్డ్ రోడ్ టు గ్లోరీ' మూడు సంపుటాలు తెచ్చాడు. మనకేమో 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో భారత ఫుట్‌బాల్‌కి బంగారం తెచ్చిన కోచ్, హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం ఉన్నాడు. 2024లో బొంబాయి వాళ్లు 'మైదాన్' సినిమా తీసేదాకా మన ఇళ్లలో ఎంతమంది పిల్లలకి ఆయన పేరు తెలుసు?

2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత రిచ్‌మండ్ రోడ్డెక్కింది. జెఫర్సన్ డేవిస్ విగ్రహాన్ని జనమే పడగొట్టారు. మిగతావి ప్రభుత్వాలు తీయించాయి. లీ 2021 సెప్టెంబరులో గుర్రంతో సహా దిగాడు. ఆ గొడవల్లోనే ఎవరో వచ్చి ఆష్ పీఠం మీద తెల్లవాళ్ల నినాదం రంగుతో రాసిపోయారు. దాన్ని కడిగేశారు. చోటిచ్చామన్నవాళ్ల వరసే లేకుండాపోయిన ఆ వీధిలో ఆష్ ఇంకా పుస్తకాలు ఎత్తిపట్టుకునే ఉన్నాడు.