లాంగ్డాక్ కాలువపై జెఫర్సను ఏకాంతయాత్ర

క్రీ. శ. 1787వ సంవత్సరము మే మాసమున, ఫ్రాన్సుదేశపు దక్షిణభాగమునందలి లాంగ్డాక్ కాలువమీద నొక తేలికపడవ తూలూజు నగరము దిక్కుగా సాగిపోవుచుండెను. ఆ పడవపై, చక్రములూడదీసిన గుఱ్ఱపుబండి యొకటి యమర్పబడి యుండెను. బండిగలవాడు పగటిలో నధికభాగము గట్టున దిగి చెట్లనీడను నడచుచు, అలసినప్పుడు పడవనెక్కి తన బండిలో గూర్చుండి, ఇంటియందలి చదువుగదిలో నున్నట్లే చదువుకొనుచు, జాబులు వ్రాసికొనుచు పోవుచుండెను. ఆతడు థామస్ జెఫర్సను. అమెరికా స్వాతంత్ర్యప్రకటనమును రచించిన యాతడు అప్పటికి ఫ్రాన్సు రాజాస్థానమున తన దేశమునకు రాయబారి. 1801లో ఆ దేశమునకే అధ్యక్షుడయ్యెను. ఆ మే నెల 21వ తేదీన కాలువమీదనుండియే తన ఆంతరంగికుడైన విలియం షార్టునకు వ్రాసిన లేఖలో, తా నెఱిగిన ప్రయాణవిధానము లన్నింటను ఇదియే మిక్కిలి సుఖకరమైనదని యాతడు తెలిపినాడు. అదే దినమున కూతురు మార్తాకు వ్రాసిన లేఖలో నిర్మలమైన యాకాశమును, తేటనీటిని, ఇరుగట్లను పాడుచుండిన నైటింగేలు పక్షులను వర్ణించెను.

ఈ యాత్రకు బయటికి జెప్పిన కారణము రోగము. 1786 సెప్టెంబరులో జెఫర్సనుని కుడిచేతి మణికట్టు విఱిగి సరిగా నతుకుకొనక బాధించుచుండెను. ఏక్స్ పట్టణమునందలి ఉష్ణజలములలో స్నానము చేసిన గుణము కలుగునని వైద్యులు చెప్పిరి. ఆతడు 1787 ఫిబ్రవరి 28వ తేదీన పారిసు విడిచి, ఏక్స్ చేరి కొన్నిదినములు స్నానములు చేసి, ఫలము కానక, మఱల దారిపట్టెను. అసలు పనులు వేఱుగా నుండెను. అమెరికా సరకులకు దక్షిణపు రేవులలో వ్యాపారమునకు దారి గలదేమో కనుగొనవలెను. కరొలైనా బియ్యముకంటె ఇటలీ బియ్యమును ఫ్రెంచివారేల మెచ్చుచున్నారో తెలిసికొనవలెను. బియ్యపు సంగతి విచారించుటకై యాతడు ఆల్ప్సు పర్వతములు దాటి పీడ్‌మాంటు వఱకు పోయెను. అచ్చటి వడ్లను దేశము దాటించుట మరణదండనకు దగిన నేరము. రాయబారి యైనవాడు ఆ వడ్లను తన కోటుజేబులలో నింపుకొని వచ్చెను! విద్యావంతులైన వారి లేఖలలో నిట్టి దొంగతన మింత సంతోషముతో వ్రాయబడుట యరుదు.

ఆతడు పారిసునుండి బయలుదేఱునపుడు తన యింటి సేవకులలో నొక్కనిని వెంటగొనలేదు. దారిలో దిజోను పట్టణమున నొకనిని కుదుర్చుకొనెను. రాయబారి యను బిరుదును దాచి సామాన్యగృహస్థునివలె పోవలె ననుట యొక కారణము. రెండవది యంతకంటె లోతైనది. ఒంటరిగా పోవువాడే యెక్కువగా నాలోచించును గాన, యాత్రాఫలము వానికే యధికమని యాతని నమ్మకము. జూన్ నెలలో నొక యువమిత్రునికి వ్రాసిన జాబులో నీ మాట స్పష్టముగా నున్నది. ఏప్రిలులో నీసు పట్టణమునుండి లఫయెత్తు ప్రభువునకు వ్రాసిన లేఖ ఇంకను ప్రసిద్ధము. దేశపు నిజస్థితి తెలియగోరువాడు ఎవ్వరెఱుగకుండ పోయి, పేదల గుడిసెలలో దూఱి, వారి కుండలలో నేమి యుడుకుచున్నదో చూచి, వారి రొట్టె తిని, విశ్రమించు నెపమున వారి పఱుపులమీద నొఱగి అవి మెత్తనివో గట్టివో పరీక్షింపవలెనని ఆ ప్రభువునకు హితము చెప్పెను.

ఇచట నొకమాట చెప్పక తీఱదు. దిజోనులో కుదిరిన సేవకుడు, పడవ నడపువాడు, గట్టున గుఱ్ఱమును తోలువాడు, వీరందఱు ఉండగా జెఫర్సను తన్ను ఏకాకిగా నెంచుకొనెను. తన వర్గమువాడు తోడుగా లేకుండుటయే ఆ కాలపు పెద్దమనుష్యులకు ఏకాంతము. సేవకులు లెక్కలోనికి రారు. ఆతని లేఖలను చదువునపుడు ఈ సంగతి మఱువరాదు.

అప్పటికి దక్షిణ ఫ్రాన్సున జలమార్గములు రెండు. ఒకటి రోను నది. మంచుకొండలనుండి దిగు ఆ నది వడికి, దక్షిణముగా వీచు మిస్ట్రాలు గాలి తోడగుటచేత దిగువకు పోవు ప్రయాణము శీఘ్రమే గాని ప్రాణభయముతో గూడినది. వంతెనల కమానులే పడవలకు మృత్యువు. 1671లో శ్రీమతి సెవిన్యే కూతురు ఎక్కిన పడవ ఆవిన్యోను వంతెనకు గొట్టుకొనబోయి తప్పినది; ఆ వార్త విని తల్లి వ్రాసిన లేఖలు ఫ్రెంచి వాఙ్మయమున నిలిచినవి. ఎగువకు పోవలెనన్నచో గుఱ్ఱముల మందలు వారములతరబడి పడవలవరుసలను లాగవలెను. 1829 మొదలు పొగపడవలు వచ్చి ఆ వృత్తిని రూపుమాపినవి. ప్రొవాన్సు భాషాకవి మిస్త్రాలు 1897లో ప్రకటించిన రోను కావ్యమునకు, పొగపడవ తాకిడిచే మునిగిన కడపటి పడవవరుసయే యితివృత్తము. జెఫర్సను రోను లోయను బండిలోనే దాటెను. నీము పట్టణమున రోమనుల కాలపు చతురశ్రమందిరము నెదుట గంటలతరబడి నిలిచిపోయెను. వర్జీనియా శాసనసభాభవనమునకు ఆ మందిరమునే మాదిరిగా నాతడు అదివఱకే చిత్రములు చూచి నిర్ణయించి యుండెను. కన్నులార చూచినది ఈ యాత్రలోనే.

రెండవ జలమార్గము లాంగ్డాక్ కాలువ. మధ్యధరాసముద్రము నొద్దనున్న తో సరస్సునుండి తూలూజు వఱకు 240 కిలోమీటర్లు త్రవ్వబడి, అచట గరోన్ నదితో గలియుటచే రెండు సముద్రములకు సంధి యేర్పఱచినది. విప్లవానంతరము దీనికి మిది కాలువ యను పేరు స్థిరపడినది. దీనిని నిర్మించినవాడు శిల్పి గాడు, గణితజ్ఞుడు గాడు. బెజియే పట్టణమున బుట్టి, ఉప్పుపన్ను వసూలు గుత్త చేసికొనిన పియేర్ పాల్ రికే. స్పెయినుదేశమును చుట్టిరాకయే ఒక సముద్రమునుండి మఱియొకదానికి పడవలను నడపవలె నను కోరిక ఫ్రెంచిరాజులకు పూర్వమునుండియు గలదు. అడ్డమైనది త్రవ్వకముగాదు, నీరు. నడుమ నోరూజు మిట్ట సముద్రమట్టమునకు సుమారు 190 మీటర్ల యెత్తున నున్నది. అచటినుండి కాలువ రెండువైపుల దిగవలెను. పడవ దాటినప్పుడెల్ల లాకునిండ నీరు పల్లమునకు జాఱును. ఆ నీటిని మిట్టపైకి తెచ్చునది యెవరు?

రికే చూచిన యుపాయ మిది. ఉత్తరమున నల్లకొండలనుండి జాఱు వాగులను పిల్లకాలువలతో నొకచోటికి జేర్చి, సెంట్ ఫెరియోలు లోయకు గొప్ప యానకట్ట గట్టి, ఆ చెఱువునీటిని నోరూజు మిట్టకు దీసికొనివచ్చుట. 1662 నవంబరులో ఈ యాలోచనను మంత్రి కోల్బేరునకు వ్రాసి పంపెను. 1666 అక్టోబరులో పదునాలుగవ లూయీరాజు శాసనము వెలువడెను. మఱుసటి యేడు ఏప్రిలులో ఆనకట్టకు మొదటిఱాయి పడెను. పని ముమ్మరముగా నున్నపుడు పండ్రెండువేలమంది పనిచేసిరి. రికే వారికి నెలజీతములేర్పఱచి, ఆదివారములకు, వానదినములకు, జబ్బుపడిన దినములకు గూడ కూలి యిచ్చెను. పదునేడవ శతాబ్దమున నిది వినని సంగతి. ఉప్పుపన్నుచేత పేదలను పీడించువానికి దయ పుట్టెననుటకంటె, కోతకాలమున కూలివాండ్రు పొలములకు బాఱిపోకుండ నిలుపుకొనుట కిది మంచియుపాయమైనదనుట సమంజసము.

మొదట కట్టిన లాకుగోడ కూలిపోగా, తరువాతివానిని నిలువుగోడలతో గాక అండాకృతిగా నిర్మించిరి. మన నూతిలోని యొరలు చుట్టునున్న మట్టియొత్తిడిని గుండ్రదనముచేతనే తట్టుకొనునట్లు, ఆ వంపుగోడలు నేటికిని నిలిచియున్నవి. బెజియే చెంత ఫోంసెరాన్ కడ ఎనిమిది తొట్లు మెట్లవలె నొకదానిపై నొకటి చేరి పడవలను ఇరువదియొక్క మీటర్లకు పైగా నెత్తును. మల్పా కొండను తొలిచి, 1680 నాటికి 165 మీటర్ల సొరంగము పూర్తిచేసిరి. పడవలు పోవుటకై త్రవ్విన సొరంగములలో నిది మొదటిదని చెప్పుదురు. రికే తన ధనమంతయు, కూతుండ్ర కట్నములకై యుంచినదియు ధారపోసి, ఇరువదిలక్షల లీవ్రులకు మించిన ఋణముతో 1680 అక్టోబరు 1వ తేదీన మరణించెను. కాలువ 1681 మే మాసమున తెఱవబడెను. వారసులు లాభము కన్నుల జూచుటకు నలుబదియేండ్లకు బైగా పట్టినది.

కాలువపై సామాన్యులకు తపాలాపడవ లుండెడివి. గుఱ్ఱములు లాగ, తూలూజునుండి అగ్దు వఱకు నాలుగుదినముల ప్రయాణము. మొదటి మధ్యాహ్నము నేగ్రా కడ భోజనము. మూడవరాత్రి ల సొమాయ్ గ్రామమున శయనము. అట్టి విడుదులలో సత్రమును, చిన్న ప్రార్థనామందిరమును గూడ నుండెడివి. లాకులవరుస వచ్చినచోట నీరునిండువఱకు వేచియుండక ప్రయాణికులు మూటలతో దిగి పైనున్న వేఱొకపడవ నెక్కుచుండిరి. గోదావరి, కృష్ణా కాలువలమీద పడవప్రయాణములు చేసిన పెద్దల ముచ్చట లెఱిగినవారికి, ఆ విడుదులును లాకులకడ నిరీక్షణమును క్రొత్తగా దోపవు. ఒంటరిగా వచ్చినవాడు ఆ పడవలలో ఒంటరిగా నుండుట కష్టము. వర్తకుడు, సన్న్యాసి, సైనికుడు, దాది అందఱు ఒక్కబల్లపై గూర్చుండవలసినదే. గుడిసెలు దూఱి జనులను దెలిసికొనుమని లఫయెత్తునకు జెప్పిన జెఫర్సను, ఆ జనులు తామై కూడుచోటికి పోక వేఱుపడవను కుదుర్చుకొనెను.

అయినను కన్నులకు గనబడినదాని నాతడు విడువలేదు. లాకులకడ కాలము వ్యర్థమగుట గమనించెను. తలుపులలోని నీటిద్వారములను మఱచుట్టుతో మెల్లమెల్లగా నెత్తుచుండిరి. దానికి బదులు ఒక్కత్రిప్పుతో తెఱచుకొను తలుపు నమర్చినచో ప్రతిలాకుకడ కొన్నినిమిషములు మిగులుననియు, కాలువ పొడవున నవి గంటలగుననియు లెక్కకట్టెను. కాస్టెల్నోదరి కడ కాలువ విడిచి సెంట్ ఫెరియోలు చెఱువును జూచి వచ్చెను. ఈ వ్రాతలనన్నిటిని 1788 మే నెలలో జార్జి వాషింగ్టనునకు పంపెను. పొటొమాక్ నదిని పడవలకు వీలుగా జేయు పనికి వాషింగ్టను అప్పుడు పెద్దగా నుండెను.

ఆ టిప్పణములలోనే యొక వింతమాట గలదు. లాకులను కాయువారిలో నధికులు స్త్రీలనియు, ఆ పని వారిబలమునకు మించినదనియు వ్రాసి, వంట, కుట్టు మొదలగు స్త్రీలకు దగిన పనులను పురుషు లాక్రమించుటచే వ్యవస్థ తలక్రిందైనదని జెఫర్సను విచారించెను. ఆయమ్మల నడిగి తెలిసికొన్నట్లు మాత్రము కానరాదు. ఆ కాలువ త్రవ్వకమున స్త్రీలు మన్నుమోసిరి. పిరనీసు కొండలనుండి వచ్చిన స్త్రీలకు తమ గ్రామములలో కొండనీటిని మలుపు నేర్పు పరంపరగా వచ్చినదనియు, నల్లకొండల కాలువలకు అది తోడ్పడినదనియు చంద్ర ముఖర్జీ తన పరిశోధనలో ప్రతిపాదించెను. పని వారికి మించినదో, వారు లేనిదే పని లేదో ఆలోచింపదగినది. బానిసస్త్రీలచేత పొలముపని చేయించు వర్జీనియా భూస్వామి కలమునుండి ఈ జాలి వెలువడుట మఱియు విచిత్రము.

దేశపు స్థితినిగూర్చి యాతని తీర్పు సైత మిట్టిదే. తా ననుకొన్నంత దైన్యము జనులలో కనబడలేదని లఫయెత్తునకు వ్రాసెను. రెండేండ్లకు బాస్టిలు కూలినది. పఱుపు మెత్తదనము తెలిసినను, దానిపై పరుండినవాని మనస్సు తెలియలేదన్నమాట. కాని యొంటరి యాత్రికుని వ్రాతలకు విలువ లేదనుట పొరపాటు. పొలములు, నేలరంగు, తిండి, కూలిరేట్లు, లాకుల కొలతలు, వీనివిషయమున జెఫర్సను సాక్ష్యము దొడ్డది. ఆ యేడు జూలైలోనే బెజియే చూచిన ఆంగ్లేయవ్యవసాయజ్ఞుడు ఆర్థరు యంగుని వ్రాతలతో బోల్చి చదివినచో నది మఱియు స్పష్టమగును.

1857లో బోర్డోనుండి సెత్ వఱకు రైలుమార్గము పూర్తియైనది. మఱుసటి యేడు ఆ రైలుసంఘమే కాలువను నలుబదియేండ్లకు కౌలు గొని, తనకు పోటీ లేకుండ జేసికొన్నది. సరకుపడవలు 1980ల చివర అంతరించినవి. రోనునది మాత్రము 1933లో నేర్పడిన జాతీయసంఘమువారి యానకట్టలచేతను, పెద్దలాకులచేతను 1980 నాటికి లియోన్ మొదలు సముద్రము వఱకు శాంతించినది; నూఱు మీటర్లకు మించిన విహారనౌక లిప్పుడందు తిరుగుచున్నవి. అట్టి నౌకలలో గది యిద్దఱి లెక్కన నేర్పడి యుండుటచే ఒంటరిగా పోవువారు సాధారణముగా నధికశుల్కము నీయవలసి వచ్చును. మిది కాలువ లాకులలో నా నౌకలు పట్టవు. అందు చిన్నపడవలే గతి. 1996లో ఈ కాలువ ప్రపంచవారసత్వపు పట్టికలో జేరినది. నేడు చిత్రపటములలో గనబడు ప్లేను చెట్లవరుసలు జెఫర్సను నడచిన నీడలు కావు. అవి పెక్కు పందొమ్మిదవ శతాబ్దమున నాటబడినవి. 2006లో వానికి మందులేని బూజుతెగులు కనబడి, వేలకొలది చెట్లను నఱికి, వాని చోట నితరజాతుల మొక్కలను నాటుచున్నారు.