మాల్టా మేకలు, మన జ్వరాలు

సిక్ లీవు కాగితాలు మా గుమాస్తాల టేబుల్ మీదికే వస్తాయి. చాలావాటిలో ‘జ్వరం’ అని ఒక్క ముక్కే ఉంటుంది. మజ్రాల్లో, మేకల దొడ్లలో పనిచేసే మనవాళ్ళకు ఒక్కోసారి ఆ జ్వరం నెలల తరబడి వదలదు. సాయంత్రం ఒళ్ళు కాలుతుంది, రాత్రి చెమటలతో పక్క తడుస్తుంది, పొద్దునకు మనిషి మామూలే. నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మొదలు. నడుము, కీళ్ళ నొప్పులు సరేసరి. మలేరియా టెస్టులో ఏమీ కనపడదు. చివరికి పని ఎగ్గొట్టడానికి నాటకమాడుతున్నాడన్న మాట కూడా పడాలి.

దీనికి పాత పేరు మాల్టా జ్వరం. ఆ దీవిలో బ్రిటిష్ సైనికులు దీనితో నెలలకొద్దీ మంచాన పడేవారు. చెడుగాలి అన్నారు, మురుగు అన్నారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక డాక్టరు, చనిపోయిన సైనికుల ప్లీహంలో దీని క్రిమిని పట్టుకున్నాడు. అది ఒంట్లోకి ఎలా వస్తోందో తేలడానికి ఇంకో 18 ఏళ్ళు పట్టింది. 1905లో మాల్టా డాక్టరు థెమిస్టోక్లిస్ జామిట్ మేకల రక్తం పరీక్షించాడు. చూడటానికి అవి నిక్షేపంగా ఉన్నాయి, పాలూ ఇస్తున్నాయి. క్రిమి ఉన్నది ఆ పాలలోనే! గుమ్మం ముందుకు మేకను తోలుకొచ్చి పాలు పితికిచ్చే ఊరది. 1906లో సైన్యానికి ఆ పాలు ఆపేయగానే సైనికుల్లో జ్వరం బాగా తగ్గిపోయింది. ఊరి జనం పచ్చిపాలు మానలేదు, జ్వరమూ వాళ్ళను మానలేదు. జబ్బుకు బ్రూసెల్లోసిస్ అని బ్రూస్ పేరే పెట్టారు. మా లెక్కలో సగం పేరు జామిట్‌కు రావాలి.

ఒమన్‌లో ఇది ఎక్కువగా కనపడేది ధోఫార్‌లో, సలాలా చుట్టుపక్కల. అక్కడ మేకలు, ఆవులు, ఒంటెల పెంపకం ఎక్కువ. మర్యాదకు ఇచ్చిన పచ్చిపాలు వద్దనడం కష్టమే, కాచి తాగితే మాత్రం భయం లేదు. పాలు ముట్టకపోయినా, ఈసుకుపోయిన మేక మావిని ఉత్త చేతులతో తీస్తే గాయం గుండా క్రిమి ఎక్కుతుంది.

మనవాడు డాక్టరు దగ్గర ‘ఫీవర్’ అని ఊరుకుంటాడు. మేకలు కాస్తాననీ, పచ్చిపాలు తాగాననీ చెబితే గానీ ఈ రక్తపరీక్ష చేయించాలని డాక్టరుకు తోచకపోవచ్చు. మందులు మామూలుగా రెండు రకాల యాంటీబయాటిక్స్, ఆరు వారాలు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపేస్తే మళ్ళీ తిరగబెడుతుంది.